అరగంట మరిగించవలెను

ఆ రోజుల్లో మాకు దాచుకోవడం తెలిసినంత బాగా పారేయడం తెలియదు. గోదావరిఖనిలో మా అక్కాబావల క్వార్టరు రెండు గదులది. ఆ రెండు గదుల్లోనే ఊచలు విరిగిన గొడుగుకు చోటుండేది, మడమలు అరిగిపోయిన గని బూట్లకు చోటుండేది, ఎవరి పెళ్లిదో గుర్తులేని శుభలేఖల కట్టకు కూడా ఒక మేకు ఉండేది. ఉద్యోగంలో చేరి వాళ్లింట్లో దిగిన మొదటి వారమే నేను ఆ ఇంటి సామానుకు జాబితా రాశాను (ఎవరూ అడగలేదు). మొత్తం నూట పద్నాలుగు వస్తువులు; పనికొచ్చేవి అరవై ఒకటి, పనికిరానివి యాభై మూడు. మా బావ ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, తర్వాత సరిగ్గా పట్టుకుని, ఓపిగ్గా చదివి, "గిందుల నువ్వు ఏ లెక్కల అచ్చినవ్ బామ్మర్దీ?" అని అడిగాడు. 

నేనప్పుడు గనుల డిప్లొమా పూర్తిచేసి, కంపెనీలో ట్రైనీగా చేరి మూడు నెలలు. చొక్కా జేబులో ఎప్పుడూ మూడు వస్తువులుండేవి: ఒక చిన్న నోటుపుస్తకం, రెండు రంగుల పెన్ను, ఒక విజిలు. ఆ విజిలు గనిలో షాట్‌ఫైరర్లు ఊదే రకానిది. బొగ్గును మందుపెట్టి పేల్చే ముందు వాళ్లు మూడుసార్లు పొడుగ్గా ఊదుతారు. అది వినగానే చుట్టుపక్కల ఉన్నవాళ్లు చేతిలో పని వదిలేసి, మలుపు దాటి, గోడ చాటున కూర్చోవాలి. దాన్ని ఊదే అర్హత నాకింకా రాలేదు. వచ్చేలోపు ఊపిరి అలవాటు కావాలని బజార్లో కొనుక్కున్నాను. ఇక నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ నాలుగు గడులు గీసి ఉంచేవాణ్ణి: పని, పట్టవలసిన సమయం, పట్టిన సమయం, తేడా ఉంటే కారణం. పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి గనిలో దిగడం వరకు అన్నీ ఆ గడుల్లోకి వచ్చేవి. కారణం రాయని తేడా అంటే నాకు కంట్లో నలుసు.

ఆ యాభై మూడు పనికిరాని వస్తువుల్లో నాలుగు సీసాలున్నాయి. వంటగది సజ్జ మీద, వెనక వరసలో, పాత చీర ముక్క కప్పుకుని నిలబడి ఉండేవి. లోపల టమాటాలు. నేను రాకముందు నాలుగేళ్ల కిందటి సంగతి అది. కాలనీలో ఆడవాళ్లకు పండ్లూ కూరగాయలూ నిలవ చేసే పద్ధతి నేర్పుతామని ఒక టీచరమ్మ వచ్చిందట. ఉప్పులో ఊరవేసే మామూలు పచ్చడి కాదు. టమాటాలు ఉడికించి, కడిగి మరిగించిన సీసాల్లో నింపి, మూత బిగించి, మూత చుట్టూ కొవ్వొత్తి మైనం పోసే పద్ధతి. కాలనీ అంతా రెండు రోజులు నేర్చుకుని మరిచిపోయింది. మరిచిపోనిది ఇద్దరే: మా అక్క, తను 'ఆపా' (ఉర్దూలో అక్క) అని పిలిచే పక్క క్వార్టరామె. ఆపా భర్త వర్క్‌షాపులో మెకానిక్కు. ఆ చలికాలం టమాటాలు బజార్లో కుప్పలుగా పడుంటే ఇద్దరూ కలిసి రెండు బుట్టలు తెచ్చి, ఒకే పొయ్యి మీద ఉడికించి, ఇరవై నాలుగు సీసాలు నింపారు. ప్రతి సీసాకూ ఒక కాగితం ముక్క అంటించారు. దాని మీద పైన ఆపా ఉర్దూలో, కింద అక్క తెలుగులో, ఒకే మాట రాశారు: టమాట. (ఎర్రగా కనిపిస్తున్న దాని మీద పేరు రాయడమెందుకని నేనొకసారి అడిగాను. అక్క నా వైపు జాలిగా చూసింది.)

ఆ మరుసటి నెలలోనే ఆపా భర్తకు కాసిపేటకు బదిలీ అయింది. సామాను లారీ ఎక్కుతున్నప్పుడు సీసాలు చెరి పన్నెండు పంచుకున్నారు. "ఎనిమిది తిందాం, నాలుగు దాసుదాం. మళ్ల కలిసిననాడే మూత ఇప్పుదాం," అని మాట ఇచ్చుకున్నారు. కాసిపేట ఏ సముద్రాల అవతలో లేదు. మంచిర్యాలలో ఒక బస్సు మారితే మూడు గంటల ప్రయాణం. కానీ ఇక్కడ బావ షిఫ్టు వారానికోసారి మారేది, అక్కడ ఆపా అత్తగారు మంచం దిగే స్థితిలో లేదు. పోనీ ఉత్తరాలా అంటే, ఆపాకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు కానీ రాయడం రాదు; మా అక్కకు ఉర్దూ అక్షరం రాదు. అలా నాలుగేళ్లు గడిచాయి. ఎనిమిది సీసాలు మొదటి ఏడాదే అయిపోయాయి. నాలుగు సీసాలు సజ్జ మీద ఎదురుచూస్తున్నాయి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, అక్క నల్లా దగ్గర ఉన్న సమయం చూసుకుని, బావ ఎత్తుపీట ఎక్కాడు. ఇంట్లో నాలుగు గుడ్లున్నాయి, టమాటాలు లేవు. ఆయన ఒక సీసా దించి, మూత మీది మైనం గోటితో గీకుతుండగా నేను డ్యూటీ నుంచి వచ్చాను.

"ఆగు బావా! మూత జూడు, ఉబ్బింది."

"ఉబ్బితే మంచిదే గద, నిండుగ ఉన్నట్టు."

"సీస నిండితే మూత ఉబ్బదు, గ్యాసు పుడితే ఉబ్బుతది."

"గ్యాసా? పన్నెండేండ్ల సంది గ్యాసుల్నే పనిజేత్తున్న బామ్మర్దీ. టమాటల గ్యాసుకు భయపడ్తనా?"

నేను సీసా లాక్కున్నాను. దాన్ని తిరిగి పైన పెట్టబోతుంటే సజ్జ మీద పరిచిన కాగితం కనిపించింది. అది ఆ టీచరమ్మ పంచిన కాగితమే. అక్క దాన్ని చదవకుండా సజ్జకు పరిచి, సరిగ్గా దాని మీదే సీసాలు పెట్టింది. సీసాల అడుగున నాలుగు గుండ్రటి మరకల మధ్య, చివరి పేరా చెక్కుచెదరకుండా ఉంది: ఏడాది దాటిన సీసాలు వాడరాదు. మూత ఉబ్బినచో అందులో విషము పుట్టి యుండవచ్చును. దానికి వాసన గాని రుచి గాని యుండకపోవచ్చును. తెరవరాదు, రుచి చూడరాదు, పశువులకు వేయరాదు. సీసా నిట్టనిలువుగా ఉంచి, కుదపక, నీటిలో పూర్తిగా మునుగునట్లు పెట్టి అరగంట మరిగించవలెను. చల్లారిన పిదప లోతుగా పాతిపెట్టవలెను. నాలుగేళ్లుగా ఆ హెచ్చరిక మీదే ఆ ప్రమాదం నిలబడి ఉంది. నాకు భయం వేసింది; నిజం చెప్పాలంటే కొంచెం సంతోషం కూడా వేసింది. మూడు నెలల ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి అసలైన ప్రమాదం అది.

అక్క మాత్రం ససేమిరా అంది. "ఆపా అచ్చినంక ఇప్పుత అన్న. మాటిచ్చిన. నువ్వు నడుమ ఏంది?"

నేను అయిదు కారణాలు చెప్పాను. మొదటిది చెబుతున్నప్పుడు అక్క బియ్యం ఏరుతోంది; అయిదోది చెబుతున్నప్పుడూ ఏరుతూనే ఉంది.

"నాలుగేండ్లాయె. ఇంక అత్తదో రాదో," అన్నాను. అది అనకుండా ఉండాల్సింది.

అక్క చేట కింద పెట్టింది. "రాదని ఎవల్జెప్పిన్రురా నీకు? అది అత్తది. ఆ సీసలు నువ్వు ముట్టినవంటే నీ పెట్టె తీస్కపోయి ట్రైనీల హాస్టల్ల ఉండు."

అప్పుడు నాకు ఆరో కారణం తోచింది. జాబితాలో లేనిది. "సరే, ఆపా అత్తది. నాలుగేండ్లకు అచ్చిన మనిషికి గిదే వడ్డిత్తవా అక్కా?"

 అక్క ఏరిన రాళ్లను మళ్లీ బియ్యంలోనే వేసింది. "అయితారం నాడు చెయ్యి," అంది చివరికి. "నేను మాత్రం సూడ."

శనివారం నాటికి పద్ధతి సిద్ధం చేశాను. పదకొండు అంశాలు. పెరట్లో ఇటుకల పొయ్యి, కంపెనీ ఇచ్చే బొగ్గు, సగానికి కోసిన ఇనుప డ్రమ్ము, సీసాలు ఒకదానికొకటి తగలకుండా అడుగున గోనెపట్ట, పైన మూతగా రేకు, చేతులకు గని గ్లౌజులు, సీసా పగిలితే చల్లడానికి బ్లీచింగు పౌడరు, మూడడుగుల గొయ్యి. ఆరో అంశం: మరిగే సమయంలో ఎవరూ దగ్గరికి రాకుండా, అందరికీ తెలిసిన పద్ధతిలో హెచ్చరిక చేయుట. అందరికీ తెలిసిన పద్ధతి ఏమిటని ఆలోచించాను. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది.

ఆదివారం ఉదయం పది గంటలు. నేను లెక్కలో వేసుకోని విషయం ఒకటే: శనివారం రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మగవాళ్లంతా అప్పుడు వేపచెట్ల నీడన, వరసగా మంచాలు వేసుకుని గాఢనిద్రలో ఉన్నారు. నీళ్లు మరగడం మొదలైంది. నేను డ్రమ్ముకు ఇరవై అడుగుల దూరం కొలుచుకుని నిలబడి, మూడుసార్లు, పొడుగ్గా, నిండు ఊపిరితో విజిలు ఊదాను.

అంత క్రమశిక్షణను నేను ఆ తర్వాత ఏ గనిలోనూ చూడలేదు. పదిహేను మంచాలు ఒక్కసారి ఖాళీ అయ్యాయి. కళ్లు ఇంకా తెరవనే లేదు, లుంగీలు సగం ఊడి ఉన్నాయి, అయినా పదిహేను మందీ మలుపు దాటి క్వార్టర్ల గోడ చాటున వరసగా గొంతుక్కూర్చుని చెవులు మూసుకున్నారు. మా బావ నీళ్ల తొట్టి వెనక దాక్కుని, తలకు టోపీ లేదని గుర్తొచ్చి, పక్కనున్న సత్తు గిన్నె బోర్లించుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో, నేను "ఏం లేదు, టమాటలు" అని అరిచేలోపు, డ్రమ్ములోంచి 'ఢాం' అని ఒక్క పేలుడు. రేకు ఎగిరి దొడ్డిగోడ మీద పడింది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద నిలువెత్తు ఎర్రటి మరక.

"షాటు పడ్డది!" అని ఎవరో గోడ చాటు నుంచి ధ్రువీకరించారు.

ముందుగా లేచింది ఎదురింటి కాక. గనిలో బొగ్గు టబ్బులు తోసి తోసి రిటైరైన మనిషి. పేలుళ్లను గౌరవించడమే తప్ప వాటికి భయపడటం మానేశాడు. కర్ర ఊపుకుంటూ వచ్చి, డ్రమ్మునూ గోడనూ నన్నూ వరసగా చూసి, "ఏందిరో డిప్లొమా," అన్నాడు, "మీ దొడ్లె బొగ్గు వడ్డదా?"

"లేదు కాకా. పాత టమాట సీసలు. విషమైనయ్. పద్ధతి ప్రకారం..."

"నా ముప్పయ్యేండ్ల నౌకరిల రాయి పేల్సుడు సూసిన, బొగ్గు పేల్సుడు సూసిన. కూర పేల్సుడు ఇయ్యాల్నే సూత్తున్న బిడ్డా."

ఆ తర్వాత నవ్వు ఆ గల్లీ చివరిదాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. బావ గిన్నె తీయకుండానే నవ్వాడు. ఆరోజు నుంచి నేను బదిలీ అయ్యేదాకా ఆ కాలనీలో నా పేరు 'టమాట షాటు'. (నిజమైన షాట్‌ఫైరర్ పరీక్ష పాసయ్యాక కూడా "ఉత్త షాటా, టమాట షాటా?" అని అడిగేవారు.) గోడమీదా నేలమీదా బ్లీచింగు చల్లి, మిగిలిన మూడు సీసాలు గడియారం ప్రకారం మళ్లీ అరగంట మరిగించి, గాజుపెంకులతో సహా అన్నీ గొయ్యిలో పూడ్చేసరికి మధ్యాహ్నమైంది.

లోపలికి వెళితే అక్క గోడకానుకుని కూర్చుని ఉంది. గల్లీ అంతా నవ్వుతుంటే తను నవ్వలేదు. చేతిలో నాలుగు కాగితం ముక్కలున్నాయి. పొద్దున నేను డ్రమ్ము కడుగుతున్నప్పుడు సీసాల మీద నుంచి తడిగుడ్డతో నెమ్మదిగా ఊడదీసి ఉంచుకున్నట్టుంది.

"ఆపా అస్తే ఏం జూపియ్యాలెరా నేను?" అంది.

దానికేం చెప్పాలో నాకు చదువులో నేర్పలేదు. నేర్పింది ఒకటే: ప్రమాదం జరిగితే నివేదిక రాయాలి. ఆ సాయంత్రమే ఆపాకు తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో, అంశాల వారీగా రాశాను. సీసాల సంఖ్య నాలుగు. మూత ఉబ్బినవి మూడు, ఉబ్బనిది ఒకటి. పేలినది ఒకటి. గాయపడిన వారు లేరు. పాతిన లోతు మూడడుగులు. మీ దగ్గర మిగిలిన సీసాలు ఉన్నచో తెరవరాదు, నిట్టనిలువుగా ఉంచవలెను, కుదపరాదు. ఇంకా కాగితం మిగిలింది కనుక చివర ఒక అంశం చేర్చాను: అక్క ఆరోజు అన్నం తినలేదు.

పోస్టు చేసిన మూడో ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి, గల్లీ మొదట్లో ఒక రిక్షా ఆగింది. ఒళ్లో పసిపిల్లను పట్టుకున్నట్టు ఒక గుడ్డసంచిని నిటారుగా పట్టుకుని, అటూ ఇటూ కుదపకుండా, నీళ్ల బిందె మీద బిందె మోస్తున్నట్టు నడుస్తూ ఒకామె వచ్చింది. నేను ఆమెను అంతకుముందు చూడలేదు. అయినా గుర్తుపట్టాను, ఎందుకంటే నల్లా దగ్గర అక్క చేతిలో బిందె జారి దొర్లుకుంటూ నా కాళ్ల దాకా వచ్చింది.

"నువ్వేనా ఆ కాగితం రాసిన బాబువి?" అని ఆపా నన్ను అడిగింది. "ఈ నాలుగు పట్టుకో. సీదా పట్టుకో! కండక్టరు సంచిని బస్సు మీద పెట్టమన్నడు. నక్కో అన్న. కింద పెట్టమన్నడు. నక్కో అన్న. ఏముంది అమ్మా లోపల అంటే జహర్ ఉంది అన్న. ఇగ మంచిర్యాల దాంక నా పక్క సీట్ల ఎవ్వరు కూసోలే, ఆరాంగ అచ్చిన!"

విషం పుట్టిన నాలుగు సీసాలను రెండు బస్సుల్లో, నలభై మంది మధ్యన... సంచిని రెండు చేతులా నిటారుగా పట్టుకున్నాను. అక్కడే గోతి తీసి పూడ్చి ఉండొచ్చు కదా అని అడిగాను.

"పూడ్చచ్చు," అంది ఆపా. "గాని కలిసినప్పుడే అనుకున్నం గద బాబూ. మూతలు ఇప్పకున్నా, పూడ్చుడన్నా కలిసి పూడుస్తం."

 సంచి నా చేతికొచ్చాక ఆపా రెండు చేతులూ ఖాళీ అయ్యాయి; అక్క నల్లా దగ్గర్నుంచి వచ్చేసింది. ఆ తర్వాత కాసేపు నేను వాళ్లను చూడకుండా పొయ్యి వైపు తిరిగి ఇటుకలు సర్దుతూ ఉన్నాను.

ఈసారి విజిలు ఊదలేదు. (బావ ముందే నా జేబులోంచి తీసేసుకున్నాడు.) డ్రమ్ము పెట్టాను, నీళ్లు పోశాను, పది ముప్పావుకు మరగడం మొదలైంది. నేను డ్రమ్ముకు ఇరవై అడుగుల దూరాన గీసిన గీత అవతల పీటలు వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు. పదకొండుంబావుకు నేను వెళ్లి, "అరగంటయింది, దించుతున్న," అన్నాను.

"ఇంకొంచెం ఉండనీ తమ్మీ," అంది అక్క, నా వైపు చూడకుండానే. "జహర్ అన్నవ్ గద."

పావుగంట ఆగి మళ్లీ వెళ్లాను. "ఇంకింత నీళ్లు పొయ్యి," అంది ఆపా. పన్నెండున్నరకు అరగంట చాలని కాగితంలో రాసి ఉన్న సంగతి గుర్తుచేశాను. ఆపా తల ఊపి, "నీ కాగితం మంచిదే," అని, ఆగిపోయిన కథ అందుకుంది. వాళ్ల అత్తగారు పోయిన సంగతి, పెద్దపిల్ల చదువు, కొత్త క్వార్టరులో పక్కవాళ్లు తలుపు తీయని సంగతి. ఒంటిగంటకు నేను మూడోసారి బొగ్గు వేశాను. రెండింటికి బావ లోపల చేసిన అన్నం అక్కడికే తెచ్చిపెట్టాడు. ఒకే పళ్లెంలో తిన్నారు. నేను గంటకోసారి నీళ్లు పోస్తూ, బొగ్గు దండగవుతోందని లోలోపల నొచ్చుకుంటూ, వాచీ చూసుకుంటూ తిరిగాను. చివరికి మూడింటికి, కాసిపేట అందుకునే బస్సు వేళైందని ఆపా లేచింది. అప్పుడే నాకు సీసాలు దించడానికి అనుమతి దొరికింది. ముగ్గురం కలిసి పాత గోతి పక్కనే పూడ్చాం. చివరి పిడికెడు మట్టి వాళ్లిద్దరూ వేశారు. ఆపా తన సీసాల మీంచి ముందే ఊడదీసిన నాలుగు కాగితం ముక్కలు అక్కకిచ్చింది, అక్క తన నాలుగూ ఆపాకిచ్చింది. ఎనిమిదింటి మీదా ఒకే మాట ఉంది కదా, మార్చుకోవడమెందుకని నేను అడగలేదు. అప్పటికి ఆ మాత్రం నేర్చుకున్నాను.

వాళ్లు మళ్లీ కలవలేదు. ఆపా భర్తకు ఇంకో బదిలీ, ఆ తర్వాత ఇంకోటి. ఉత్తరాలు రాసిపెట్టడానికి నేనూ ఆ ఇంట్లో లేను; నా ఉద్యోగం నన్ను మందమర్రికి తీసుకుపోయింది. మొన్న ఒక పని మీద గోదావరిఖని వెళ్లి, ఊరికే ఆ గల్లీ వైపు నడిచాను. గల్లీ లేదు. నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని అక్కడిదాకా వచ్చేసింది. మా పెరడు ఎక్కడుండేదో అక్కడ ఇప్పుడు గాలి ఉంది, దాని కింద చాలా లోతున లారీలు తిరుగుతున్నాయి. మూడడుగులు చాలనుకున్నాను నేను.

ఇంటికొచ్చి పాత నోటుపుస్తకం వెతికి తీశాను. ఆ పేజీలో నా గుండ్రటి, గర్వపు అక్షరాలు ఇంకా చెదరలేదు. పని: సీసాలు మరిగించుట. పట్టవలసిన సమయం: అరగంట. పట్టిన సమయం: నాలుగు గంటల పావు. తేడాకు కారణం: విచారణలో ఉంది.

చదివి నవ్వుకున్నాను. ఆ గడిలో ఇంకా రెండు మూడు మాటలకు చోటుంది. పెన్ను మూత తీసి, కాసేపు పట్టుకుని కూర్చుని, మళ్లీ పెట్టేశాను. విచారణ ఇంకొంచెం సేపు సాగనీ అనిపించింది.